ఇంట్లో పెద్దవాళ్ళ రేడియో జ్ఞాపకాలు పోగుచేయడం ఎలా

"మీ రోజుల్లో రేడియోలో ఏమేం వచ్చేవమ్మా?" అని అడిగితే మా అమ్మ "చాలా వచ్చేవిరా" అని ఊరుకుంది. ఇలా కాదని, "ఆదివారం పొద్దున వంట ఎన్నింటికి అయ్యేది?" అని అడిగాను. ఇక చూడండి. పన్నెండు లోపల వంట ముగించి కుక్కర్ దింపేయాలట, తాతయ్య పడక్కుర్చీ రేడియో దగ్గరకు జరుపుకుని, రేడియోలో రామాయణ భారతాలు చెప్పే ఉషశ్రీ గారి కోసం కూర్చునేవారట, ఆ టైములో కూత వేస్తే కుక్కర్‌నీ మనిషినీ కలిపి తిట్టేవారట. అరగంట ఆపకుండా చెప్పింది.

అంచేత మొట్టమొదట చేయాల్సింది ఇదే. కార్యక్రమాల పేర్లు అడక్కండి, ఆ పూట ఇంట్లో ఏం జరుగుతుండేదో అడగండి. తెల్లారి కళ్ళాపి చల్లేటప్పుడు ఏం వినిపించేది (పొద్దున్నే భక్తి పాటలు వేసే భక్తిరంజని పేరు దానంతటదే వస్తుంది), బడికి బయల్దేరే ముందు వార్తలు అయిపోయేవా ఇంకా నడుస్తుండేవా, మధ్యాహ్నం అమ్మలక్కలు ఎవరింట్లో చేరేవాళ్ళు, రాత్రి నాటకం వినడానికి పక్కింటివాళ్ళు వచ్చేవాళ్ళా. ఇంకో ప్రశ్న కూడా తప్పకుండా అడగండి: "మీ పేరు ఎప్పుడైనా రేడియోలో చదివారా?" పాట కోరుతూ కార్డు రాసి, తన పేరు కోసం వారాల తరబడి చెవి ఒగ్గి కూర్చున్నవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు, ఆ రోజును వాళ్ళు మర్చిపోరు. మాట్లాడేటప్పుడు ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసి పక్కన పెట్టేయండి. కాగితం మీద రాసుకుంటూ కూర్చుంటే వాళ్ళు మీకోసం ఆగిపోతారు.

రెండోది, ఎక్కణ్ణుంచి విన్నారో తేల్చుకోవడం. జ్ఞాపకాలు ఎక్కువగా కలగలిసిపోయేది ఇక్కడే. మద్రాసు కేంద్రం 1938లో మొదలైంది, విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న. కాబట్టి కోస్తా వాళ్ళెవరైనా రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో తెలుగు రేడియో విన్నామంటే అది చాలావరకు మద్రాసే అయివుంటుంది. హైదరాబాదులో అప్పుడు నిజాం ప్రభుత్వపు దక్కన్ రేడియో ఉండేది, అది 1950లో ఆకాశవాణిలో కలిసింది. కడప, విశాఖపట్నం కేంద్రాలు రెండూ 1963లో వచ్చాయి. పిల్లల కార్యక్రమం నడిపిన రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు, రేడియో అక్కయ్య కామేశ్వరి గార్ల విషయంలో మా ఇంట్లో పెద్ద వాదనే నడిచింది. ఒకరు మద్రాసు అంటారు, ఇంకొకరు హైదరాబాదు అంటారు. ఇద్దరిదీ నిజమే. వాళ్ళు మద్రాసులో మొదలుపెట్టి, ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక హైదరాబాదు వచ్చారు. అప్పుడు మీకెన్నేళ్ళు అని అడిగితే వాదన తీరిపోతుంది.

వార్తల విషయంలో ఇంకొంచెం జాగ్రత్త. ఢిల్లీ నుంచి వచ్చే తెలుగు వార్తలు వేరు, హైదరాబాదు, విజయవాడల ప్రాంతీయ వార్తలు వేరు. వినేవాళ్ళకు అన్నీ ఒకే పెట్టెలోంచి వచ్చినవే కదా, అందుకే అద్దంకి మన్నార్ గారి గొంతు గురించి చెబుతూ చెబుతూ ఏదో స్థానిక వార్తలోకి వెళ్ళిపోతారు. ఆయన చదివింది ఢిల్లీ నుంచి. సినిమా నటుడు కొంగర జగ్గయ్య కూడా ఒకప్పుడు ఢిల్లీలో తెలుగు వార్తలు చదివినవారే. మధ్యాహ్నం తెలుగు పాటలు వేసే మీనాక్షి పొన్నుదురై గారు అసలు మన దేశం నుంచే కాదు, రేడియో సిలోన్ నుంచి.

ఏడాది తెలియకపోతే ఒక చిట్కా ఉంది, నాకు భలే పనికొచ్చింది. స్టేషన్ ఎక్కడ పట్టాలో అనౌన్సర్ చెప్పే మీటర్లు, కిలోసైకిళ్ళ అంకెలు చాలామందికి శ్లోకంలా నోటికి వచ్చు. 1978 నవంబరులో మీడియం వేవ్ స్టేషన్ల అంకెలు మారాయి. అంతకు ముందు పది పది కిలోసైకిళ్ళ దూరంలో ఉండేవి, ఆ తర్వాత తొమ్మిది తొమ్మిది దూరానికి వచ్చాయి. విజయవాడ 840 పోయి 837 అయింది, హైదరాబాదు 740 పోయి 738 అయింది. మా పెద్దమ్మ ఒక సాయంత్రం కళ్ళు మూసుకుని అనౌన్సర్ లాగే పలికి, ఎనిమిది వందల నలభై అనగానే అది తన పెళ్ళికి ముందు సంగతి అని తేలిపోయింది. కడప 900 మాత్రం ఈ లెక్కకు దొరకదు, పదికీ తొమ్మిదికీ రెండింటికీ కుదిరే అంకె అది.

కాగితాలు కూడా వెతకండి. ఒకప్పుడు రేడియోకి లైసెన్సు ఉండేది, ఏటా పోస్టాఫీసులో డబ్బు కట్టాలి. ఆ చిన్న పుస్తకం ఇంకా ఏ ట్రంకుపెట్టె అడుగునో, పాత రేడియో తోలు కేసులోనో ఉండొచ్చు. మాది కేసులోనే దొరికింది, తాతయ్య పేరు, సెట్టు నంబరు, పోస్టాఫీసు ముద్రలు, ఏ ఏడాది ఊళ్ళోకి రేడియో వచ్చిందో అన్నీ అందులో ఉన్నాయి. ఇంట్లో ఎవరైనా రేడియోలో పాడివుంటే, ప్రసంగం చేసివుంటే, ఆకాశవాణి పంపిన కాంట్రాక్టు కాగితం ఎంత విలువైందో చెప్పలేను: తేదీ, సమయం, పారితోషికం అన్నీ ఉంటాయి. కార్యక్రమాల వివరాల కోసం "వాణి" పత్రిక పాత సంచికలు దొరికితే చూడండి. ఇంగ్లీషులో వచ్చిన "ది ఇండియన్ లిజనర్" పాత సంచికలు చాలావరకు స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టారు, మద్రాసు కార్యక్రమాలు రోజువారీగా ఉంటాయి.

ఇక క్యాసెట్లు. దీనికి తొందర పడాల్సిందే. మా తాతయ్య టేప్‌రికార్డర్ రేడియో ముందు పెట్టి ఉషశ్రీ గారి ధర్మసందేహాలు కార్యక్రమం రికార్డు చేసిన క్యాసెట్ ఒకటి ఉండేది. దాన్ని సీడీ చేయించడానికి ఒక షాపులో ఇస్తే టేపు నలిపి తెచ్చి ఇచ్చారు, సగం పోయింది. ఆ మిగతా సగంలో ఉషశ్రీ గారి గొంతు వెనక మా ఇంటి గేటు చప్పుడు, ఎవరో "నీళ్ళొచ్చాయి" అని అరవడం వినిపిస్తాయి. అందుకే చెబుతున్నా, మీరే చేసుకోండి, కష్టం కాదు. ముందు క్యాసెట్ వెనక అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలు విరగ్గొట్టండి, పొరపాటున రికార్డు బటన్ పడినా చెరగదు. టేపు మీద తెల్లటి బూజు కనిపిస్తే అసలు వేయొద్దు, తెలిసినవాళ్ళకు చూపించండి. ప్లేయర్ హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదిపుల్లతో తుడిచి, ఆరాక, ముందు పనికిరాని క్యాసెట్ ఒకటి వేసి చూసుకోండి. మన క్యాసెట్‌ను ఒకసారి చివరిదాకా తిప్పి వెనక్కి తెచ్చి అప్పుడు మొదలుపెట్టండి. ప్లేయర్ లైన్ అవుట్ నుంచి గానీ ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి గానీ లాప్‌టాప్‌కి వైరు కలిపి, ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో వేవ్ ఫైల్‌గా దించుకోండి, ఎంపీ3 కాపీ తర్వాత తీసుకోవచ్చు. బరబర శబ్దం ఉందని అసలు ఫైల్‌ను శుభ్రం చేయకండి, కాపీ మీద చేసుకోండి. ఆ గేటు చప్పుడు కూడా పోతుంది లేకపోతే.

క్యాసెట్లు లేనివాళ్ళు దిగులుపడక్కర్లేదు. అప్పట్లో చాలా కార్యక్రమాలు నేరుగా ప్రసారమైపోయేవి, టేపు మీదకు ఎక్కినవి కూడా కొన్ని చెరిగిపోయాయి. అలాంటివి ఇప్పుడు విన్నవాళ్ళ గొంతుల్లోనే ఉన్నాయి, కాబట్టి వాళ్ళ చేత పలికించండి. సంస్కృతం ఒక్క ముక్క రానివాళ్ళు కూడా సంస్కృత వార్తల మొదటి మాటలు "ఇయం ఆకాశవాణీ, సంప్రతి వార్తాః శ్రూయంతాం, ప్రవాచకః బలదేవానందసాగరః" అని ఆ విరుపులతో సహా అనేస్తారు. రేడియో కార్యక్రమంలో చిన్నక్క పాత్ర ఎలా మాట్లాడేదో చేసి చూపించమంటే మా అమ్మ ముందు సిగ్గుపడింది, తర్వాత ఆపలేకపోయాం.

ప్రతి ఫైల్‌కీ చెప్పినవాళ్ళ పేరు, ఊరు, పుట్టిన ఏడాది, ఏ కేంద్రం విన్నారో పేరులోనే పెట్టండి. రెండు చోట్ల దాచండి. ఇంకో కాపీ పెన్‌డ్రైవ్‌లో వేసి ఆ చెప్పిన మనిషికే ఇవ్వండి, వాళ్ళు విని "అయ్యో, ఇది చెప్పడం మర్చిపోయా" అని మళ్ళీ ఫోన్ చేస్తారు. ఆ ఫోన్ వచ్చినప్పుడు రికార్డర్ దగ్గర పెట్టుకోండి.