నెల్లూరు, ప్రకాశం వానను గ్రిడ్ డేటా నుంచి మ్యాపు మీదికి తేవడం ఎలా

వాతావరణ శాఖ వాన గ్రిడ్‌ను (దేశాన్ని గడులుగా విడగొట్టి గడికో అంకె ఇచ్చే డేటా) పైథాన్‌లో చదివి నాలుగు లైన్లు రాస్తే దేశం బొమ్మ రంగురంగులుగా వచ్చేస్తుంది. చిక్కల్లా ఏమిటంటే తప్పు బొమ్మ కూడా అంతే అందంగా వస్తుంది. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు. నెల్లూరు మీద గూడూరు వాన పడినట్టు చూపించినా చూసేవాళ్లకు తెలియదు. అందుకే బొమ్మ గీయడం కంటే ప్రతి మెట్టు దగ్గరా అంకెలు సరిచూసుకోవడం మీదే ఇక్కడ ఎక్కువ చెబుతున్నాం. ఫంక్షన్ల పేర్లు పలికినట్టే తెలుగులో రాశాం; కోడ్‌లో మామూలుగా ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకోండి.

డేటా, పనిముట్లు

భారత వాతావరణ శాఖ పుణె కార్యాలయం సైట్‌లో 1901 నుంచి రోజువారీ వాన గ్రిడ్ దొరుకుతుంది, ఏడాదికో ఫైలు చొప్పున. గడి కొలత 0.25 డిగ్రీలు. మన అక్షాంశాల దగ్గర అది సుమారు 27 కిలోమీటర్లు. అక్షాంశాలు 6.5 నుంచి 38.5 దాకా 129, రేఖాంశాలు 66.5 నుంచి 100 దాకా 135. ఉష్ణోగ్రత గ్రిడ్ మాత్రం 1 డిగ్రీది. దాంతో జిల్లా మ్యాపు గీయాలనుకోవద్దు, జిల్లాకు ఒకటి రెండు గడులే దక్కుతాయి.

ఎక్స్‌ఆర్రే, నెట్‌సీడీఎఫ్4, కార్టోపై, జియోపాండాస్, రియోఎక్స్‌ఆర్రే, మ్యాట్‌ప్లాట్‌లిబ్ అనే పైథాన్ లైబ్రరీలు కావాలి. కాండా ఫోర్జ్ నుంచి అన్నీ ఒకే ఎన్విరాన్‌మెంట్‌లో ఒకేసారి దించుకోండి. కొన్ని కాండాతో, కొన్ని పిప్‌తో కలిపితే వీటికి అడుగున పనిచేసే జియోస్, ప్రాజ్ లైబ్రరీల దగ్గర గొడవ మొదలవుతుంది. ఇంకొకటి: కార్టోపై తీరరేఖల ఫైళ్లను మొదటిసారి రన్ చేసినప్పుడు నెట్ నుంచి తెచ్చుకుంటుంది. నెట్ లేని చోట ప్రోగ్రాం అక్కడే ఆగిపోతుంది, కాబట్టి ముందే ఒకసారి నడిపి ఉంచండి.

చదవడం

నెట్‌సీడీఎఫ్ ఫైలైతే ఎక్స్‌ఆర్రేలో ఓపెన్ డేటాసెట్ చాలు. జీఆర్‌డీ ఫైలైతే అది తలాతోకా లేని అంకెల వరుస: 32 బిట్ ఫ్లోట్ (అంటే అంకెకు 4 బైట్లు), లిటిల్ ఎండియన్ (చిన్న విలువ బైటు ముందు). తెరవకముందే ఫైలు సైజు చూడండి. 365 రోజుల ఏడాదికి సరిగ్గా 2,54,25,900 బైట్లు, లీపు ఏడాదికి 2,54,95,560 బైట్లు ఉండాలి. ఒక్క బైటు తగ్గినా డౌన్‌లోడ్ మధ్యలో తెగిపోయినట్టే.

నమ్‌పై ఫ్రమ్‌ఫైల్‌తో చదివి, రీషేప్‌లో రోజులు, 129, 135 అన్న వరుసలోనే ఇవ్వండి. 135, 129 అని తిరగేసినా లెక్క కుదురుతుంది కాబట్టి పైథాన్ నోరు మెదపదు. బొమ్మ మాత్రం ఐమూలగా సాగిన చారలతో వస్తుంది. అలాంటి చారలు కనిపిస్తే వెతకాల్సింది ఇక్కడే.

ఇప్పుడు ఒక గడిని పట్టుకోండి. నెల్లూరు పట్టణం 14.44 ఉత్తరం, 79.99 తూర్పు. దగ్గరి గడి మధ్యబిందువు 14.5, 80.0. సున్నా నుంచి లెక్కిస్తే అక్షాంశాల్లో 32వది, రేఖాంశాల్లో 54వది. ఒంగోలుది 36, 54. ఎక్స్‌ఆర్రేలో సెల్ ఫంక్షన్‌కు మెథడ్ నియరెస్ట్ ఇచ్చి తీసిన విలువ, ఈ ఇండెక్సులతో నేరుగా తీసిన విలువ ఒకటే కావాలి. కాకపోతే అక్షాంశాలు తలకిందులుగా ఉన్నాయేమో చూడండి. ఈఆర్‌ఏ5 (యూరప్ వాతావరణ కేంద్రం ఇచ్చే గ్రిడ్ డేటా) ఫైళ్లలో అక్షాంశాలు ఉత్తరం నుంచి దక్షిణానికి దిగుతాయి, వాతావరణ శాఖ గ్రిడ్‌లో దక్షిణం నుంచి ఎక్కుతాయి. రెంటినీ పోల్చేటప్పుడు ఇది తప్పకుండా కాలికి తగులుతుంది. పైగా ఈఆర్‌ఏ5 వాన మీటర్లలో, ఉష్ణోగ్రత కెల్విన్‌లో ఉంటాయి. మొదటిదాన్ని 1000తో గుణించాలి, రెండోదాంట్లోంచి 273.15 తీసేయాలి.

తేదీ సంగతి

వాతావరణ శాఖ లెక్కలో ఒక తేదీ వాన అంటే ముందు రోజు ఉదయం 8.30 నుంచి ఆ రోజు ఉదయం 8.30 దాకా కురిసింది. మిచాంగ్ తుపాను 2023 డిసెంబరు 5 మధ్యాహ్నం బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ మధ్యాహ్నం వాన కావాలంటే తీయాల్సింది డిసెంబరు 6 పొర, అంటే ఫైల్లో ఆ తేదీ గ్రిడ్. 5వ తేదీ పొరలో ఉన్నది 4వ తేదీ పగలూ రాత్రీ కురిసింది. 2023 ఫైల్లో డిసెంబరు 5 ఇండెక్స్ 338, అక్టోబరు 1 ఇండెక్స్ 273. గంటల డేటాతో పోల్చాలంటే దాని సమయం యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో) ఉంటుంది కాబట్టి 03 గంటల నుంచి 03 గంటల దాకా కలపండి, మన 8.30 అంటే సరిగ్గా అదే.

సీజన్ మొత్తం

దేశం మ్యాపుల్లో అలవాటుగా జూన్ నుంచి సెప్టెంబరు వానే వేస్తుంటారు. ఆ మ్యాపులో నెల్లూరు ఎప్పుడూ ఎండిపోయినట్టే కనిపిస్తుంది, ఎందుకంటే ఇక్కడ చెరువులు నింపేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వచ్చే ఈశాన్య రుతుపవనాలు. కాబట్టి ఈ 92 రోజుల మొత్తమే వేద్దాం.

కలపకముందు డేటా లేని గడుల సంగతి తేల్చండి. వాన గ్రిడ్‌లో వాటి విలువ -999. అలాగే కలిపితే సముద్రం మీద -91,908 మిల్లీమీటర్ల వాన తేలుతుంది. అది కంటికి కనిపించే తప్పు కనుక ఫర్వాలేదు. అసలు మోసం దాన్ని సరిచేశాక జరుగుతుంది. వేర్ ఫంక్షన్‌తో సున్నా కంటే తక్కువ ఉన్నవాటిని నాన్ (విలువ లేదని చెప్పే గుర్తు) చేస్తారు, సమ్ ఇస్తారు. ఎక్స్‌ఆర్రే అన్నీ నాన్‌లే ఉన్న గడికి 0 అని జవాబిస్తుంది. బంగాళాఖాతంలో మూడు నెలలూ చినుకు పడనట్టు బొమ్మ వస్తుంది. సమ్‌కు మిన్‌కౌంట్ 1 అని ఇస్తే నాన్ నాన్‌గానే ఉంటుంది. ఉష్ణోగ్రత గ్రిడ్‌లో ఖాళీ గుర్తు 99.9. అదింకా జిత్తులమారిది, చూడ్డానికి మామూలు అంకెలాగే ఉంటుంది.

మ్యాపు మీద వేయడం

కార్టోపైలో ప్లేట్ కారీ ప్రొజెక్షన్‌తో (అక్షాంశ రేఖాంశాలను నేరుగా చదరంగా పరిచే పద్ధతి) ఆక్సిస్ చేసి, పీకలర్‌మెష్‌తో గడులు వేయండి. డేటా ఏ ప్రొజెక్షన్‌లో ఉందో చెప్పే ట్రాన్స్‌ఫార్మ్ ఆర్గ్యుమెంట్ ప్రతిసారీ రాయండి. ప్లేట్ కారీలో రాయకపోయినా నడుస్తుంది. రేపు ప్రొజెక్షన్ లాంబర్ట్‌కు మార్చగానే డేటా అంతా ఒక చుక్కై మాయమవుతుంది. దేశానికి హద్దులు 66.5 నుంచి 98, 6 నుంచి 38 ఇవ్వండి. రెండు జిల్లాలకైతే 78.5 నుంచి 80.6, 13.8 నుంచి 16.2 సరిపోతుంది.

షేడింగ్ నియరెస్ట్ అని ఇవ్వడం మరవద్దు. ఫైల్లో ఉన్నవి గడుల మధ్యబిందువులు. పాత కోడ్‌లో వాటినే గడి మూలలుగా తీసుకునే ఫ్లాట్ పద్ధతి ఉండేది, దానివల్ల బొమ్మ మొత్తం ఈశాన్యానికి అర గడి, అంటే 13 కిలోమీటర్ల పైచిలుకు జరుగుతుంది. దేశం మ్యాపులో ఎవరికీ పట్టదు. జిల్లా మ్యాపులో 14.5, 80.0 గడి రంగు నెల్లూరు దాటి మైపాడు తీరం వైపు జరుగుతుంది. నెల్లూరు పట్టణం మీదికి 14.25, 79.75 గడి రంగు వస్తుంది. అది గూడూరు గడి. ఇమ్‌షో వాడితే ఎక్స్‌టెంట్‌ను గడుల అంచులతో ఇవ్వాలి: 66.375, 100.125, 6.375, 38.625. ఆరిజిన్ లోయర్ అని కూడా రాయాలి, లేకపోతే కన్యాకుమారి పైకెక్కుతుంది.

కాంటూర్‌ఎఫ్ నునుపైన బొమ్మ ఇస్తుంది. జిల్లా స్థాయిలో దాన్ని వాడకపోవడమే మంచిదని మా అభిప్రాయం. కందుకూరు, కావలి మధ్య ఒక గడి తేడానే ఉంది. ఆ రెంటి మధ్య నునుపుగా మారే రంగులన్నీ సాఫ్ట్‌వేర్ ఊహించినవే. గళ్లుగళ్లుగా కనిపిస్తే కనపడనివ్వండి, డేటా ఉన్నది అలాగే.

హద్దులు

షేప్‌ఫైలు (జిల్లా హద్దుల గీతలుండే ఫైలు) ఏనాటిదో చూసుకోండి. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. అప్పుడు గూడూరు, సూళ్లూరుపేట, వెంకటగిరి తిరుపతి జిల్లాకు పోయాయి. కందుకూరు నెల్లూరులో కలిసింది. చీరాల, అద్దంకి బాపట్లకు వెళ్లాయి. పాత ఫైలుతో తీసిన నెల్లూరు సగటు, కొత్త ఫైలుతో తీసిన సగటు రెండు వేర్వేరు ప్రాంతాలవి. పక్కపక్కన పెట్టి వాన పెరిగిందనో తగ్గిందనో అనకూడదు. ఏళ్ల తరబడి పోల్చాలంటే ఒకే హద్దును అన్నేళ్లకూ వాడండి, ఏ తేదీ నాటిదో బొమ్మ కింద రాయండి. దేశం హద్దులకు నేచురల్ ఎర్త్ డీఫాల్ట్ ఫైలు వద్దు, కశ్మీరు దగ్గర గీత మన అధికారిక మ్యాపుతో కలవదు. సర్వే ఆఫ్ ఇండియా ఫైలు తీసుకుని, జియోపాండాస్‌లో సీఆర్‌ఎస్ (ఫైలు ఏ అక్షాంశ రేఖాంశ పద్ధతిలో ఉందో చెప్పేది) చూసి, మామూలు అక్షాంశ రేఖాంశాల కోడ్ అయిన 4326కు మార్చుకోండి.

జిల్లా సగటుకు రియోఎక్స్‌ఆర్రే క్లిప్ వాడితే, మధ్యబిందువు హద్దు లోపల ఉన్న గడులనే ఉంచుతుంది. ఆల్ టచ్డ్ ట్రూ ఇస్తే హద్దు తాకిన ప్రతి గడినీ తెస్తుంది. నెల్లూరు జిల్లా మొత్తం ఓ పదిహేను గడుల పని, కాబట్టి అంచున రెండు గడులు అటూ ఇటూ అయితే సగటు కదిలిపోతుంది. ప్రతి గడిలో జిల్లా ఎంత భాగం ఉందో ఆ భాగాన్నే తూకంగా వేసి సగటు తీయడం సరైన దారి. రీజియన్‌మాస్క్ లైబ్రరీలో అందుకు ఫంక్షన్ ఉంది.

రంగులు, పేర్లు

ఒక్క రోజు వానకు వాతావరణ శాఖ తరగతులనే గీతలుగా పెట్టండి: 2.5, 15.6, 64.5, 115.6, 204.5. బౌండరీనార్మ్‌కు ఇవే ఇచ్చి, ఎక్స్‌టెండ్ మ్యాక్స్ పెట్టండి. 64.5 దాటితే భారీ, 115.6 దాటితే అతి భారీ అని చూడగానే తెలుస్తుంది. జెట్ అనే ఇంద్రధనుస్సు రంగుల వరుస జోలికి పోవద్దు. అందులోని పసుపు పట్టీ, లేని గట్టును ఉన్నట్టు చూపిస్తుంది. ఎక్కువ తక్కువల మ్యాపుకు సాధారణం నుంచి శాతం తేడా వేస్తాం కదా, అక్కడ గీతలు -60, -20, 20, 60, మధ్యన తెలుపు.

తెలుగు పేర్ల దగ్గర మ్యాట్‌ప్లాట్‌లిబ్ ఇబ్బంది పెడుతుంది. డీఫాల్ట్ ఫాంట్‌లో తెలుగు లేదు కాబట్టి డబ్బాలు వస్తాయి. నోటో సాన్స్ తెలుగు ఫాంట్ పెట్టినా, చాలాకాలంగా వాడుకలో ఉన్న వెర్షన్లలో నెల్లూరు, గిద్దలూరు, మార్కాపురం లాంటి పేర్ల ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి. ఎస్‌వీజీ ఫాంట్‌టైప్ సెట్టింగ్‌కు నన్ (ఏదీ వద్దు) అన్న విలువ ఇచ్చి ఎస్‌వీజీగా సేవ్ చేయండి. అక్షరాలు గీతలుగా మారకుండా అక్షరాలుగానే ఉంటాయి. ఆ ఫైలును బ్రౌజర్లో గానీ ఇంక్‌స్కేప్‌లో గానీ తెరిస్తే ఒత్తులు కుదురుకుంటాయి. పేర్ల వెడల్పు కాస్త మారుతుంది కాబట్టి ఒకదానిమీద ఒకటి ఎక్కిన ఊళ్లను అక్కడే చేత్తో జరిపి, 300 డీపీఐతో పీఎన్‌జీ తీసుకోండి.