నాలుగు ట్రాకుల క్యాసెట్ మీద లో-ఫై పాట రికార్డు చేయడం ఎలా?

యాప్‌లో టేపు చప్పుడు కలిపేస్తే పాట లో-ఫై, అంటే ఇంట్లో చేసిన గరుకు రికార్డింగు, అయిపోదు. 1979లో టియాక్ పోర్టాస్టూడియో 144తో నాలుగు ట్రాకుల (విడివిడిగా రికార్డు చేసే నాలుగు శబ్దపు వరసల) రికార్డింగు మామూలు క్యాసెట్ మీదికి, ఇంటి గదిలోకి వచ్చింది. ఉన్నవి నాలుగే కాబట్టి ఏ వాయిద్యం ఉండాలో, ఏది అక్కర్లేదో ముందే తేల్చుకోవాలి. అమెరికాలోని ఒహాయోకు చెందిన రాక్ బృందం గైడెడ్ బై వాయిసెస్ పాటల్లో ఆ బిగువు వినిపిస్తుంది.

రికార్డరు, ఒక డైనమిక్ మైకు, హెడ్‌ఫోన్స్, టైప్ 2 (క్రోమ్ రకం టేపు) సి-60 క్యాసెట్, అంటే రెండు వైపులా కలిపి గంట వచ్చేది, చాలు. సి-90 వద్దు, టేపు పల్చన. రెండు వైపులనూ ఒకేసారి వాడుకుంటూ రెట్టింపు వేగంతో నడిచే రికార్డరులో సి-60 పావుగంటే వస్తుంది. టేపు రాసుకుంటూ పోయే హెడ్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. గిటారు శ్రుతి చేయండి. లో-ఫై అంటే అపశ్రుతి కాదు, ఎన్నిసార్లు చెప్పాలి!

1లో డ్రమ్స్, 2లో బేస్, 3లో గిటారు. మీటరు ముల్లు సున్నా దగ్గర ఆడాలి. మరీ తగ్గిస్తే తర్వాత పెంచినప్పుడు చప్పుడూ పెరుగుతుంది.

ఇక బౌన్స్, అంటే ట్రాకులను కలిపి ఒకే ట్రాకులోకి ఎక్కించడం. అందరూ చెడగొట్టేది ఇక్కడే. మూడు ట్రాకులనూ కలిపి 4లోకి ఎక్కిస్తారు, పాతవి చెరిపేసి వాటిమీదే కొత్తవి పాడతారు. చెరిపాక బేస్ ఎక్కువైందని ఏడ్చి లాభం లేదు. కలిపేటప్పుడు 4వ ట్రాకు ఫేడర్ (శబ్దం పెంచి తగ్గించే మీట) పూర్తిగా కిందికి దించండి, లేకపోతే తన శబ్దం తనలోకే తిరిగి కీచుమంటుంది.

ప్రతి బౌన్స్‌కీ పై స్వరాల మెరుపు కాస్త పోతుంది, సుయ్‌మనే చప్పుడు ఇంకాస్త చేరుతుంది. అందుకే ట్రెబుల్ ఒక పిసరు ముందే ఎక్కువ పెట్టండి. టాంబొరిన్ లాంటివి బౌన్స్‌లో వేయకండి, చివరికి దాచండి. డిబిఎక్స్ (టేపు చప్పుడు తగ్గించే ఏర్పాటు) స్విచ్ మొదట ఎలా ఉందో చివరిదాకా అలాగే ఉండాలి. 4వ ట్రాకును ఒక్కదాన్నే, మొదటినుంచి చివరిదాకా, హెడ్‌ఫోన్స్‌లో ఒకసారి, చిన్న స్పీకరులో ఒకసారి వినండి. నచ్చిందా? అప్పుడు చెరపండి. రెండో బౌన్స్ జోలికి పోవద్దు, పాట బురదవుతుంది.

1లో గొంతు, మైకుకు జానెడు దూరంలో. 2లో రెండో గొంతు, 3లో టాంబొరిన్.

నాలుగూ కలిపి కంప్యూటర్‌లోకి ఎక్కించాక క్యాసెట్ నెత్తిన ఉన్న ప్లాస్టిక్ రేకులు రెండూ విరిచేయండి. ఒకటి విరిస్తే చాలదు: నాలుగు ట్రాకులూ టేపు వెడల్పంతా పరుచుకుని ఉంటాయి, తిరగేసి పెట్టి రికార్డు నొక్కినా పాట పోతుంది.