పాత అంబాసిడర్ పెడల్‌కు గన్‌మెటల్ బుష్‌ను ఇంటి లేత్ మీద తయారు చేసుకోవడం

క్లచ్ పెడల్‌ను పక్కకు కదిపినప్పుడు టకటకమని చప్పుడు వస్తే, షాఫ్టుకూ, దాని చుట్టూ గొట్టంలా ఉండే బుష్‌కూ మధ్య లూజు పెరిగిందని అర్థం. హనుమకొండలోని మా ఇంటి వెనుక రేకుల షెడ్డులో నాలుగున్నర అడుగుల లేత్ (లోహాన్ని తిప్పుతూ కోసే యంత్రం) మీద నేను ఎక్కువగా చేసేది ఈ బుష్‌లే. ఇల్లే వర్క్‌షాప్‌గా ఉన్నవారు మొదట నేర్చుకోదగిన పని కూడా ఇదే. స్టీరింగ్ కీళ్లు, చక్రాన్ని మోసే స్టబ్ యాక్సిల్, బ్రేక్ సిలిండర్ వంటివి మాత్రం ఇంట్లో చేయకూడదని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే వాటిలో లోపం రోడ్డు మీద ప్రాణం తీస్తుంది.

1957 నుంచి 2014 వరకు తయారైన అంబాసిడర్‌కు మూలం ఇంగ్లండు కారు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3. అందువల్ల పాత బండ్లలో చాలా కొలతలు అంగుళాలలోనే వస్తాయి. అయితే పుస్తకంలోని కొలతను నమ్మి బుష్ తీయకూడదు. ఇన్నేళ్లు నడిచిన బండిలో ఏది ఎంత అరిగిందో ఆ బండే చెప్పాలి. షాఫ్టును మైక్రోమీటరుతో మూడు చోట్ల, ప్రతిచోటా అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి కొలవాలి. ఒకవైపే అరిగి గుడ్డు ఆకారానికి వచ్చి ఉంటే ముందు షాఫ్టును సరిచేయించాలి, లేకపోతే ఎంత మంచి బుష్ వేసినా లూజు పోదు. బుష్ కూర్చునే రంధ్రం కొలతను టెలిస్కోపిక్ గేజ్‌తో (రంధ్రంలో విచ్చుకుని దాని వెడల్పును పట్టే పరికరం) తీసుకుని, ఆ గేజ్‌ను అదే మైక్రోమీటరుతో చదవాలి. ఒకే పరికరంతో రెండూ కొలిస్తే పరికరంలో ఉన్న చిన్న తేడా రెండింటికీ సమానంగా పడుతుంది.

ఉదాహరణకు షాఫ్టు 19.05 మి.మీ., అంటే ముప్పావు అంగుళం, రంధ్రం 25.40 మి.మీ. ఉన్నాయనుకుందాం. బుష్ బయటి కొలతను 25.44కు తేవాలి, ఆ 0.04 బిగువే దాన్ని పట్టి ఉంచుతుంది. లోపలి రంధ్రాన్ని మాత్రం 18.90 దగ్గరే ఆపాలి, ఎందుకంటే బుష్‌ను బిగించి దింపినప్పుడు లోపలి భాగం కొద్దిగా ముడుచుకుంటుంది. చివరి కొలతను దింపిన తర్వాత రీమర్‌తో (రంధ్రాన్ని సన్నగా కోసి కచ్చితమైన కొలతకు తెచ్చే పళ్ల పనిముట్టు) తీస్తాం.

మెటీరియల్‌గా గన్‌మెటల్ కడ్డీనే తెచ్చుకోవాలి. రాగి 88, తగరం 10, జింకు 2 పాళ్లు కలిసిన లోహం షాఫ్టు కంటే మెత్తగా ఉంటుంది కాబట్టి అరిగితే బుష్ అరుగుతుంది, షాఫ్టు నిలుస్తుంది. పసుపుపచ్చగా మెరిసే ఇత్తడిని గన్‌మెటల్ అని చెప్పి ఇవ్వడం నాకు ఎదురైంది. గన్‌మెటల్ కోతలో కొంచెం ఎరుపు కనిపిస్తుంది. స్టీలుకు నూరిన టూల్‌ను దీనికి వాడితే అది లోహంలోకి గుచ్చుకుపోతుంది, కనుక టూల్ పైముఖాన్ని దాదాపు సమంగా, వాలు లేకుండా నూరుకోవాలి. 25.44 కన్నా కొంచెం లావుగా ఉన్న కడ్డీకి నిమిషానికి సుమారు 500 చుట్లు సరిపోతాయి. కళ్లద్దాలు తప్పనిసరి, చేతి గ్లవ్స్ మాత్రం వద్దు. భుజం మీది కండువాను కూడా తీసి పక్కన పెట్టాలి.

కడ్డీని చక్‌లో (లేత్ మీద పనిని పట్టి తిప్పే భాగం) ఒకసారి బిగించాక, బయట, లోపల రెండూ పూర్తయ్యేదాకా విప్పకూడదు. మూడు దవడల చక్‌లో తిప్పి బిగిస్తే రెండు వృత్తాల కేంద్రాలు కలవవు. ముందు లోపలి రంధ్రం, తర్వాత బయటి ముతక కోత, చివరగా సన్నని కోత వేయాలి. ముందు లోపలికి దిగే అంచును 3 మి.మీ. పొడవున బుష్ కూర్చునే రంధ్రం కన్నా పిసరంత సన్నగా తీస్తే బుష్ వంకర పోకుండా దారి చూపుతుంది.

ఇక్కడే నేను ఒక బుష్‌ను పాడు చేశాను. మే నెల మధ్యాహ్నం, కోత ఆగగానే వేడిగా ఉన్నదాన్ని కొలిచాను, 25.44 వచ్చింది, సాయంత్రం చల్లారాక చూస్తే దాని బిగువు బాగా తగ్గిపోయింది. గన్‌మెటల్ డిగ్రీకి సుమారు లక్షలో 1.8 వంతు వ్యాకోచిస్తుంది. కాబట్టి 25 మి.మీ. బుష్ 40 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటే దాదాపు 0.018 మి.మీ. పెద్దగా కనిపిస్తుంది, అంటే మనం ఇచ్చిన బిగువులో సగానికి దగ్గర. కాజీపేట రైల్వే షెడ్డులో రిటైరైన ఒక టర్నర్ పెద్దాయన నాకు నేర్పిన పద్ధతి ఏమిటంటే, సన్నని కోతకు ముందు లేత్ ఆపి, పని చల్లారేవరకు వేచి, అప్పుడు కొలిచి, మిగిలింది మాత్రమే తీయడం.

దింపడానికి సుత్తి వాడకూడదు. పొడవాటి బోల్టు, రెండు మందపు వాషర్లు, నట్టు ఉంటే చాలు. నూనె పూసి, బుష్‌ను నెమ్మదిగా లాగుతూ కూర్చోబెట్టాలి. ఆపై గ్రీజు ఎక్కించే నిపుల్ రంధ్రం గుండా బుష్‌కు డ్రిల్ వేసి, ఆ తర్వాతే రీమర్ తిప్పాలి, అప్పుడు డ్రిల్ వదిలిన అంచు కూడా పోతుంది. రీమర్‌ను కోసే దిశలోనే తిప్పాలి, వెనక్కి తిప్పితే పళ్లు మొద్దుబారుతాయి. 19.09 దగ్గర ఆపి, పొడి తుడిచి, షాఫ్టుకు నూనె రాసి చేత్తో నెట్టి చూడాలి. షాఫ్టు తన బరువుకే మెల్లగా జారి, పక్కకు కదిపితే చప్పుడు రాకపోతే, గ్రీజు ఎక్కించి పెడల్ బిగించవచ్చు.