వర్ణమాల పూర్తయ్యేవరకు ఆగకుండానే మాటలు చదివించండి

ఇంట్లో పిల్లలకు తెలుగు చదవడం నేర్పే తల్లిదండ్రులలో చాలామంది 56 అక్షరాలూ, ఆపైన గుణింతాలూ కంఠతా వచ్చేవరకు ఒక్క మాటైనా చదివించరు. అందుకే వరుసగా చక్కగా అప్పజెప్పే పిల్లలు సైతం, మధ్యలో ఒక అక్షరాన్ని చూపితే మళ్లీ 'అ' నుంచి లెక్కపెట్టుకుంటూ వస్తారు.

దీనికి బదులు క, త, ప, ల, వ అనే అయిదు అక్షరాలను మాత్రమే అట్టముక్కల మీద పెద్దవిగా రాసి, వాటితో కల, తల, వల వంటి మాటలను నేల మీద పేర్చి చదివించండి. 'పలక' అని చదివించిన తరువాత అవే మూడు ముక్కలను వెనుక నుంచి ముందుకు మార్చి 'కలప' అని పేర్చండి (కలప అంటే ఏమిటో ఇంటి తలుపును చూపి చెప్పవచ్చు). అక్షరాలు అవే అయినా వాటి వరుస మారితే మాటే మారిపోతుందని పిల్లలు గ్రహించే ఆ క్షణం, నా దృష్టిలో, వంద సార్లు వల్లె వేయించడం కంటే విలువైనది.

ఆ తరువాత దీర్ఘం ఒక్కటి నేర్పితే పాప, తాత, పాక వంటి మాటలు వెంటనే చదవగలుగుతారు. రూపంలో పోలిక ఉన్న వ, మ అక్షరాలను, అలాగే ప, ష అక్షరాలను ఒకే వారంలో పరిచయం చేయకపోవడం మంచిది. పిల్లలు తడబడినప్పుడు మాటను మనమే అందించకుండా, కాసేపు ఆగి, మొదటి అక్షరాన్ని మాత్రం పలికి మిగిలినది వారికే వదిలిపెట్టాలి. రోజుకు పది నిమిషాలు చాలు. ఇంకా కావాలని వారు అడుగుతుండగానే ముక్కలు తీసి దాచండి.