గుంటలో ఆక్సిజన్ సెన్సార్ తెల్లవారుజామున మాయమవుతోందా? బ్యాటరీ కొనేముందు ఇది చూడండి

చలికాలం మొదలైందంటే నెల్లూరు తీరంలో విడవలూరు, అల్లూరు, కోట వైపు రొయ్యల గుంటల నుంచి నాకు ఒకటే ఫోను. "అన్నా, రాత్రి రెండింటికి డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) రీడింగ్ ఆగిపోయింది, పొద్దెక్కాక మళ్లీ వచ్చింది. బ్యాటరీ పోయినట్టుంది, కొత్తది పంపించు." గుంటలో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారేముందే. సరిగ్గా ఆ గంటల్లో మూగబోయే సెన్సార్ ఉండీ లేనట్టే.

ముందు తేలికవి. సోలార్ పలక మీద కొంగ రెట్ట, ఉప్పు పొర తుడిచారా? తుడవకపోతే ఇక చదవకండి, వెళ్లి తుడవండి. గుంటలన్నిటి రీడింగులూ ఒకేసారి మాయమైతే సెన్సార్ల జోలికి పోవద్దు. షెడ్డులో గేట్‌వేకి (సెన్సార్ల సిగ్నల్ అందుకుని ఇంటర్నెట్‌కి పంపే పెట్టె) కరెంటు ఉందా, సిమ్‌లో డేటా ఉందా చూడండి. రీడింగ్ వస్తూనే రోజురోజుకీ తగ్గుతోందంటే ప్రోబ్ (నీటిలో మునిగి కొలిచే కొన) మీద పాచి పట్టింది. మెత్తటి గుడ్డతో తుడిచి, తడిగుడ్డ చుట్టి నీడలో గాలిలో ఉంచండి. కాసేపటికి 100 శాతం దగ్గరికి రావాలి. రాకపోతే క్యాలిబ్రేషన్ (కొలత సరిచేయడం) చేయండి.

ఒక్క గుంటే, రాత్రిపూటే, ఎండ రాగానే బాగవుతుంది

అసలు తిప్పలు పెట్టేది ఇదే. ఎండతోపాటే ప్రాణం వస్తోంది కాబట్టి చూసినవాడల్లా బ్యాటరీ అంటాడు. బ్యాటరీ మార్చి, ఆ తర్వాత పలక మార్చి, చివరికి నోడ్ (గుంట దగ్గర సెన్సార్ రీడింగ్‌ను రేడియోలో పంపే పెట్టె) మొత్తం మార్చినా వారం తిరక్కుండా మళ్లీ అదే కథ అయినవాళ్లు ఉన్నారు. పాత యాంటెనా, పాత కేబులే మళ్లీ బిగిస్తారు మరి.

నోడ్ నిజంగా పడుకుందా, లేక అరుస్తున్నా గేట్‌వేకి వినపడలేదా? ఇది తేల్చుకోవడానికి స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు. డ్యాష్‌బోర్డులో ఫ్రేమ్ కౌంటర్ చూడండి, అంటే నోడ్ పంపే ప్రతి ప్యాకెట్‌కీ (సందేశానికీ) ఒకటి చొప్పున పెరిగే అంకె. పది నిమిషాలకోసారి పంపే నోడ్ ఆగేముందు 1440 అని పంపింది, నాలుగు గంటల పది నిమిషాల తర్వాత 1465 అంటూ వచ్చిందనుకుందాం. మధ్యలో 24 ప్యాకెట్లు అది పంపుతూనే ఉంది, మనకే అందలేదు. అంటే బ్యాటరీ బంగారంలా ఉంది, తప్పు రేడియో దారిలో ఉంది. అలా కాక 1441 అని వచ్చినా, 0 నుంచి మొదలుపెట్టినా కరెంటు చాలక పడుకున్నట్టే. కాకపోతే కొన్ని నోడ్లు గేట్‌వే జవాబు చాలాసేపు రాకపోతే వాటంతటవే రీస్టార్ట్ అవుతాయి. అందుకని ఆఖరి ప్యాకెట్‌లో వోల్టేజీ కూడా చూడండి. 3.9 వోల్టులు చూపించిన 18650 లిథియం సెల్లు పది నిమిషాల్లో చచ్చిపోదు.

ఆల్ప్స్‌లో మాటర్‌హార్న్ శిఖరం మీద, 3,500 మీటర్ల ఎత్తున, గడ్డకట్టిన రాతిలో పెర్మాసెన్స్ అనే స్విస్ పరిశోధన ప్రాజెక్టు వాళ్లు పెట్టిన వైర్‌లెస్ సెన్సార్లు రాతి కొలతలతోపాటు తమ వోల్టేజీనీ, పెట్టె లోపలి తేమనీ కూడా పంపేవి. అనుకున్నప్పుడల్లా ఎక్కి చూసొచ్చే చోటు కాదు మరి. మనకు కట్ట మీద నడిచి వెళ్లే వీలుంది కాబట్టి స్క్రీన్ చూడటానికి బద్ధకం.

కౌంటర్ దూకిందంటే ఇప్పుడు సిగ్నల్ బలం గ్రాఫు తెరవండి. మధ్యాహ్నం -98 డీబీఎం (సిగ్నల్ బలం కొలత, మైనస్ అంకె పెద్దదయ్యేకొద్దీ బలహీనం) ఉన్నది, సాయంత్రం నుంచి జారుతూ అర్ధరాత్రికి -118 అయి ఆ తర్వాత తెగిపోతే, పక్క గుంట నోడ్ మాత్రం నిలకడగా ఉంటే, దొంగ మీ యాంటెనా కనెక్టర్‌లో ఉన్నాడు.

సముద్రపు గాలి, ఏరేటర్ చిమ్మే తుంపర కలిసి కనెక్టర్ మర చుట్ల సందుల్లోకి ఉప్పు చేరుస్తాయి. గాలిలో తేమ 75 శాతం దాటిందంటే ఉప్పు దానంతటదే నీరు లాగుతుంది, ముసురులో వంటింటి ఉప్పు జాడీ చెమ్మగిల్లినట్టు. వానే పడక్కర్లేదు. రాత్రి తడిసి, పగలు ఆరిపోతుంది. మెకానిక్ వచ్చేది మధ్యాహ్నం కాబట్టి "అంతా బాగానే ఉంది కదండీ" అనేసి పోతాడు. మర విప్పి ఫోన్ కెమెరాతో దగ్గరగా చూడండి: నడిమి పిన్ను చుట్టూ తెల్లటి ఇసకలాంటి పొర, అంచుల్లో ఆకుపచ్చటి చిలుము. పైకి ఏమీ కనపడకపోతే పక్క గుంట నోడ్‌తో యాంటెనా, కేబుల్ మార్చి చూడండి. జబ్బు వాటితోపాటే పక్క గుంటకు పోతే ఇక అనుమానం లేదు.

విప్పేముందు నోడ్ ఆపేయండి. యాంటెనా లేకుండా ప్రసారం చేస్తే రేడియో చిప్పు దెబ్బతినొచ్చు. అందరూ నేరుగా ఐపీఏతో (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) కడుగుతారు, ఉప్పు అందులో సరిగా కరగదు. ముందు బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో కడగండి, ఆ తర్వాత ఐపీఏ పోసి తడి లాగేయండి, బాగా ఆరనివ్వండి. కేబుల్ తొడుగు కొంచెం కోసి చూడండి, లోపల జాలీలా అల్లిన తీగ నల్లబడి ఉంటే కడగడం దండగ, కేబుల్ మార్చేయండి. పెట్టె లోపల బోర్డు నుంచి వచ్చే చిన్న తీగనూ వదలొద్దు.

బిగించాక సాగదీస్తే తనకు తానే అతుక్కునే రబ్బరు టేపు కింద నుంచి పైకి చుట్టండి, దాని మీద ఎండకు కాపుగా మామూలు ఎలక్ట్రికల్ టేపు. పులుపు వాసన కొట్టే సిలికాన్ పూయకండి. దానిలోంచి వచ్చే ఆమ్లమే రాగిని తినేస్తుంది. కేబుల్ పెట్టెలోకి అడుగు నుంచే వెళ్లాలి, వెళ్లేముందు ఒక వంపు కిందికి వేలాడాలి, నీళ్లు అక్కడే కారిపోతాయి.

ఇంత చేశాక గుంటలన్నీ కలిపి రాత్రిళ్లు బలహీనపడుతున్నాయంటే ఇదే పని గేట్‌వే యాంటెనాకీ చేయండి. ఎత్తులో ఉంది కదా అని దాన్ని ఎవరూ చూడరు.

ఫర్మ్‌వేర్ (నోడ్ లోపలి ప్రోగ్రాం) తప్పు, పిడుగు, ఈ నోడ్లు వాడే 865 మెగాహెర్ట్జ్ దగ్గర ఇంకెవరిదో సిగ్నల్ అడ్డం: ఉంటాయి, కాదనను, కానీ వాటి కోసం ముందే వెతకొద్దు. ఎలుక కొరికిన కేబుల్ కంటికే కనపడుతుంది.