పరాయి మొక్కల జాడ – 4వ పాఠం: మంద వెంట తుమ్మ

సర్కారు తుమ్మ మీ ఊరికి ఏ దారిన వచ్చిందో బొమ్మ గీయమంటే మీలో సగం మంది గాలి మోసుకొచ్చినట్టు బాణాలు గీశారు. కాయ ఎప్పుడైనా విరిచి చూశారా? పండినా పగలదు, చెట్టు కిందే రాలుతుంది. గాలికి ఎగిరేది జిల్లేడు దూది. విరిచి చూడమని ముందే చెప్పకపోవడం నా తప్పే.

నన్ను విసిగించింది మాత్రం ఇంకొకటి. మీరు రాసిన ఆక్రమణ జీవుల పట్టీలో, శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురానికి వలస వచ్చే గూడబాతులు! వలస వేరు, ఆక్రమణ వేరు. గూడబాతు తన రెక్కల మీద వస్తుంది, పిల్లలు ఎగరగానే వెళ్లిపోతుంది, మళ్లీ ఏడాదికి వస్తుంది. ఆషాఢానికి పుట్టింటికొచ్చిన కూతురు ఇల్లు ఆక్రమించిందంటామా? తుమ్మ సంగతి అది కాదు. జమైకా విత్తనాన్ని మనిషే సముద్రం దాటించాడు. 1877లో కడప జిల్లా కమలాపురంలో నాటారు. వచ్చింది, ఉండిపోయింది, పక్క మొక్కను బతకనివ్వలేదు. పట్టీలోకి ఎక్కాల్సింది ఇలాంటివి.

ఇక దారి. దీని ఆకు మేకలు పెద్దగా ముట్టవు. కాయ తియ్యన, ఎండాకాలంలో ఏరుకుని తింటాయి. నమిలినప్పుడు కొన్ని గింజలు నలుగుతాయి. గట్టి పెంకు ఉన్నవి పెంటికల్లో ఎరువుతో సహా బయటపడతాయి. పశువుల పేడలో ఇంకా ఎక్కువ బతికొస్తాయి. మేత వెతుక్కుంటూ మంద ఊళ్లు దాటుతుంది, ఎరువు కోసం రైతు డబ్బిచ్చి మరీ పొలంలో రాత్రికి మంద కట్టిస్తాడు. నేను ఏ ఊరెళ్లినా ముందు మంద దిగే చోటే అడుగుతాను.

పడిన గింజలన్నీ చెట్లవ్వవు. దున్నే పొలంలో నాగలి పెకలిస్తుంది, చిక్కటి నీడలో ఎదగదు. చౌడు నేల, ఎండిన చెరువు శిఖం, గడ్డి కొరికేసిన బీడు దొరికితే తిరుగులేదు. గుజరాత్‌లో కచ్‌లోని బన్నీ గడ్డిభూమి చూడండి. పక్కనున్న రణ్ అనే ఉప్పు ఎడారి నుంచి ఉప్పు పాకకుండా 1961 నుంచి అటవీశాఖ నాటింది, మిగతా పని మేతకొచ్చిన పశువులే చేశాయి.

అభ్యాసం: మంద దిగిన చోట రెండు దోసిళ్ల పెంటికలు ఏరి రాత్రంతా నానబెట్టండి, గింజలు వడకట్టండి. ఒక డబ్బాలో అవి 20, రెండో దాంట్లో కాయలోంచి తీసినవి 20, మూడో దాంట్లో కాయలోంచి తీసి పెంకుకు గాటు పెట్టినవి 20. గాటుకు నేను నెయిల్ కట్టర్ వాడతాను, బ్లేడు జారితే వేలు పోతుంది. 21 రోజులు రోజూ మొలకలు లెక్క రాయండి. తర్వాత పీకి, ఎండబెట్టి, కాల్చేయండి. మొలవని గింజలున్న మట్టి కూడా పెరట్లో పోయకండి.