వానల్లో స్లాబు పోస్తున్నారా? ట్రిప్పయిన బోర్డుకు డైరెక్ట్ ఇవ్వొద్దు

తడి స్లాబు మీద వైబ్రేటరు పట్టుకున్న కూలీకి షాకు కొట్టిందన్న వార్త జిల్లా పేజీలో కనబడని వానాకాలం లేదు. మన నెల్లూరు వైపు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో నెల్లూరోళ్లు చూశారు. హెల్మెట్టు, బూట్ల సంగతి అందరూ చెప్పేదే, వదిలేద్దాం. సైట్లకు కొత్తగా వస్తున్న పరికరాల గురించే ఈ నాలుగు మాటలు. డబ్బు పోసి కొంటారు, అది కూత పెట్టగానే దాని నోరు నొక్కేస్తారు. తంటా అంతా అక్కడే.

కరెంటు బోర్డు

టెంపరరీ మీటరు పక్కన ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను కట్ చేసే స్విచ్చు) ఉండాలి, అదీ 30 మిల్లీయాంపియర్లదే. షాపులో 100, 300 మిల్లీయాంపియర్లవి కూడా ఉంటాయి. 'ఇవైతే ఊరికే పడిపోవు (ట్రిప్ కావు)' అని అంటగడతారు. నిజమే, మనిషి పోయినా పడకపోవచ్చు. అవి నిప్పంటుకోకుండా పెట్టుకునేవి. 30ది మాత్రం అంత కరెంటు లీకైందంటే సెకనులో మూడో వంతు లోపే కట్ చేస్తుంది.

ఇక అసలు తప్పు. చినుకు పడగానే ఆర్‌సీసీబీ పడిపోతుంది. స్లాబు సగంలో ఉంది, రెడీమిక్స్ బండి నిలబడి ఉంది, మేస్త్రీ కేకలేస్తున్నాడు. ఎవరో ఒకరు పైవైర్లు ఊడదీసి కిందివాటితో మెలిపెట్టి డైరెక్ట్ ఇచ్చేస్తారు. సాయంత్రం మళ్లీ కలుపుదాం అంటారు. కలపరు. మర్నాడు తడి కంబీల మీద నిలబడ్డవాడికి బోర్డులో ఆర్‌సీసీబీ కనబడుతూనే ఉంటుంది, పనిచేయదు. అది పడిపోయిందంటే ఎక్కడో లీకుంది. డైరెక్ట్ ఇవ్వొద్దు.

లీకు వెతకడం పది నిమిషాల పని. ప్లగ్గులన్నీ పీకేసి ఆర్‌సీసీబీ ఎత్తండి. అప్పటికీ పడిపోతే తప్పు వైర్లలో ఉంది, నీళ్లలో పడున్న టేపు జాయింట్లు చూడండి. నిలబడితే ఒక్కో ప్లగ్గూ పెట్టుకుంటూ రండి, ఏది పెట్టగానే పడిందో దాన్ని పక్కన పడేయండి. నీళ్ల మోటారు కేబులు జాయింటు, వైబ్రేటరు మోటారు, ముందు ఈ రెంటినే అనుమానించండి. పోత రోజున పెట్రోలు వైబ్రేటరు ఒకటి అద్దెకు తెచ్చి పెట్టుకుంటే డైరెక్ట్ ఇచ్చే అవసరమే రాదు.

రోజూ పొద్దున్నే టెస్ట్ బటను నొక్కాలి. కృష్ణపట్నం, కొత్తపట్నం వైపు ఉప్పుగాలికి లోపలి భాగాలు పట్టేస్తాయి. బటను నొక్కితే పడిందంటే ఆర్‌సీసీబీ బాగుందని మాత్రమే, ఎర్తు సంగతి వేరే చూపించుకోవాలి. ఇంకోటి: పొడి చెక్క మీద నిలబడి ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రలు పట్టుకుంటే ఏ ఆర్‌సీసీబీ కాపాడదు.

గ్యాస్ మీటరు

సెప్టిక్ ట్యాంకు, సంపు సెంట్రింగ్ ఊడదీసే ముందు వాడాలి. కొత్త సంపే కదా అనుకుంటారు. మూసిన సంపులో తడి చెక్కలు కుళ్లి గాలిలోని ఆక్సిజన్ తినేస్తాయి. నాలుగు గ్యాసులు చూపే మీటరు తెచ్చి, బయట మంచి గాలిలో ఆన్ చేసి, తాడుతో దించండి: పైన, నడుమ, అడుగున, ఒక్కోచోట రెండు నిమిషాలు. ఆక్సిజన్ 19.5 శాతం కన్నా తగ్గితే కూస్తుంది. 'మీటరు పాడైనట్టుంది' అని కట్టేసి దిగడం కూడా డైరెక్ట్ ఇవ్వడం లాంటిదే. కొవ్వొత్తి దించి చూడొద్దు. పెట్రోలు ఇంజను లోపలికి దించొద్దు, దాని పొగే చంపుతుంది. లోపల ఒకడు పడిపోతే వెంటనే ఇంకొకడు దూకొద్దు.

మిగతావి

లిఫ్ట్ మిషను పైన లిమిట్ స్విచ్చును (పైకి చేరగానే మిషను ఆపేది) తీగతో కట్టేయొద్దు. ఇదీ డైరెక్టే.

జనరేటరుకు మారితే దాని న్యూట్రలు ఎర్తు చేయించండి. లేకపోతే షాకు కొట్టినా ఆర్‌సీసీబీ పడకపోవచ్చు.

బోర్డు నేల నుంచి అయిదడుగుల ఎత్తున. పాలిథిన్ కవరు కప్పితే చాలదు, మూత ఉన్న పెట్టె కావాలి.

పక్కన 11 కేవీ లైనుంటే ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే కరెంటోళ్లు లైను ఆపి ఇచ్చే అనుమతి) తీసుకోకుండా కంబి పైకెత్తొద్దు. పన్నెండు మీటర్ల కంబి నిలువునా అసలే వద్దు.

ఫోనులో దామిని యాప్ వేసుకోండి, పిడుగు 20, 40 కిలోమీటర్ల లోపు ఉంటే చెబుతుంది. మోగగానే స్లాబు దిగాలి. 'ఈ వరస అయ్యాక' అనొద్దు.

షాకు కొట్టినవాణ్ణి ముట్టుకోవద్దు. ముందు బోర్డు కట్టేయండి.

తడి చేత్తో ప్లగ్గు పీకొద్దు.

పెట్టెలో ఆర్‌సీసీబీ స్విచ్చు చేతికందేలా ఉండాలి, వైర్లున్న మూతకు తాళం వేయాలి. పోత రోజున ఆ తాళంచెవి మేస్త్రీ దగ్గరా వద్దు, ఎలక్ట్రీషియన్ దగ్గరా వద్దు. ఓనరు జేబులో.